పన్నెండు నిమిషాల పరీక్ష

అక్టోబరు 9, గురువారం

ఐలా ఇంటికి వస్తోంది.

అక్టోబరు 10

నిన్న ఆ ఒక్క ముక్క రాసేసరికి చెయ్యి ఆగిపోయింది. కళ్ళజోడు తడిసిపోతే ఏం రాస్తాం.

నిజానికి ఈ పుస్తకం జనరేటరుది. రూడీ జుపాన్ ఇచ్చాడు. వాడు నా కూతురు ఐలాతో కలిసి చదువుకున్నవాడు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల జనరేటర్లన్నీ వాడి చేతి మీదే నడుస్తున్నాయి. మా జనరేటరు ప్రతి ఆదివారం తనంతట తనే లేచి పన్నెండు నిమిషాలు నడిచి ఆగుతుందట. తేదీ, చలి ఎంత, నడిచిందా లేదా, ఇవి రాస్తే చాలట. కథలు రాయొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసి నలభై ఒక్క ఏళ్ళు దుంగల లారీ నడిపిన మనిషిని, నాకు కథలెక్కడివి? కానీ ఈ సంతోషాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. పోస్టు ఆవిడకి చెప్పాను. పాస్టరుకి రెండుసార్లు చెప్పాను. పెట్రోలు బంకులో ముక్కూమొహం తెలియనివాడికి చెబితే వాడు నాకు కాఫీ ఇప్పించాడు. దేవుడు వాణ్ణి వెచ్చగా చూడాలి.

ఐలా డులూత్‌లో రోగుల్ని ఉంచుకుని చూసే హోములో చేరి రెండేళ్ళ మూడు నెలలయింది. కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేసే జబ్బు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత ఊపిరి. ఇప్పుడు ఊపిరి పోసేది మిషనే. ఇక్కడ గాలి గట్టిగా వీస్తే చెట్లు తీగల మీద పడతాయి. పోయిన జనవరిలో మూడు రోజులు కరెంటు లేదు. అందుకే మిషను కంపెనీవాళ్ళు ఇంటికి పంపడానికి ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకున్నారు. జనరేటరు ఉండాలి, అది చలిలో నడవడం వాళ్ళ మనిషి కళ్ళారా చూడాలి. నడిస్తే ఐలా వస్తుంది. నడవకపోతే రాదు. మిషనుకి బ్యాటరీ ఉంది గానీ అది నాలుగు గంటలే.

నడుస్తుంది. ఎందుకు నడవదు.

అక్టోబరు 14

డులూత్ వెళ్ళొచ్చాను. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి పావుగంట మాట్లాడింది. ఆమె చెప్పినదంతా ఇక్కడ రాయను, ఇది జనరేటరు పుస్తకం. ఎండాకాలం గురించి ఏదో అంది. ఎండాకాలం మా ఇంటి దగ్గర చాలా బాగుంటుంది.

ఐలా నన్ను చూసి నవ్వింది. దాని నవ్వుకి ఏ జబ్బూ రాలేదు.

అక్టోబరు 18

ఇంటికి గడ్డి కట్టాను. మా నాన్న కట్టేవాడు, ఆయన నాన్నా కట్టేవాడు. పునాది చుట్టూ మోపులు పేర్చి, మంచు పడగానే పారతో దాని మీదికి ఎగదోస్తే ఇల్లు గూట్లో పిట్టలా ఉంటుంది. ఈసారి ఎనభై మోపులు తెచ్చాను. పదహారు కొత్త జనరేటరుకే పట్టాయి. నాలుగు పక్కలా చుట్టి పైన పాత తలుపు కప్పాను. చూడముచ్చటగా ఉంది.

హెల్వి వదిన మెట్ల మీద నిలబడి చూసింది. ఈవిడ పోయిన నా భార్య ఎల్మాకి అక్క. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకి వండిపెట్టి, ఇప్పుడు ఐలాని చూసుకోవడానికి తన ఇంటికి తాళం వేసి వచ్చేసింది. దేవత అని రాయాలి గానీ నోరు మాత్రం దేవతది కాదు.

"దానికో ఉన్ని టోపీ కూడా అల్లమంటావా, మరిదీ?" అంది.

అల్లమన్నా అంటాను.

అక్టోబరు 30

రూడీ వచ్చి మోపులు చూసి ఇది కోళ్ళగూడా అని అడిగాడు. అన్నీ తీయించేశాడు. జనరేటరు గాలి పీల్చాలట, పొగ వదలాలట, చుట్టూ మూడడుగుల దాకా గడ్డీ మంచూ ఏమీ ఉండకూడదట. నాకు కొంచెం కష్టంగానే తోచింది. నేను పెంచిన పిల్ల, వేసిన ఇల్లు, నడిపిన లారీ ఏదీ చలికి చావలేదు. అయినా నోరు మూసుకున్నాను. ఐలా కోసం వాడు నన్ను గాడిద అన్నా ముద్దు పెట్టుకుంటాను.

పాత నూనె తీసి చలికి చిక్కబడని నూనె పోశాడు. కొత్త బ్యాటరీ పెట్టి, దాని అడుగున వెచ్చబెట్టే పలక వేశాడు. పలక తీగని బయటి ప్లగ్గుకి పెట్టి, ఏప్రిల్ దాకా దీని మీద చెయ్యి వేయొద్దు బాబాయ్ అన్నాడు. ప్రమాణం చేశాను.

నవంబరు 2, ఆదివారం. ఫారెన్‌హీట్‌లో సున్నాకి పైన 19. 12 నిమిషాలు. నడిచింది.

పదహారు మోపులు ఊరికే పడున్నాయి. గ్యాసు ట్యాంకు పెరటి చివర ఒంటరిగా, తెల్లగా, ఎముకలా చల్లగా ఉంది. జనరేటరుకి తిండి పెట్టేది అదే కదా. రూడీ జనరేటరు చుట్టూ ఏమీ ఉండకూడదన్నాడు. ట్యాంకు మాట ఎత్తలేదు.

ముందు ఎల్మా కుట్టిన బొంతలు నాలుగు, పైన టార్పాలిన్, చుట్టూ మోపులు. గ్యాసు ఎంతుందో చెప్పే ముల్లు చూసుకోవడానికి మూత దగ్గర మాత్రం చిన్న సందు ఉంచాను. ఇక హాయిగా ఉంటుంది.

రూడీకి చెప్పాల్సిన పని లేదు. అడిగితే చెబుతాను.

నవంబరు 9. పైన 11. నడిచింది.

నవంబరు 16. సున్నా. నడిచింది. బంగారుతల్లి.

నవంబరు 23. కింద 6. నడిచింది.

నవంబరు 26

ఇవాళ కింద 14. వచ్చే వారమే కంపెనీ ఆవిడ వస్తుంది కదా, ఒకసారి చూద్దామని నేనే మీట నొక్కాను. ముసలి కుక్కలా మూలిగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మూలిగింది. తర్వాత అదీ లేదు.

మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. దేవుడా, నా రెండు కాళ్ళూ తీసుకుని దీన్ని నడిపించు అన్నాను. ఐలా గదిలో కొత్త పరుపు వేశాం. గోడకి రంగు వేశాం. అది పసుపు రంగే కావాలంది.

లేచేటప్పుడు కనబడింది. ప్లగ్గులో పలక తీగ లేదు, నా లారీ ఇంజను వెచ్చబెట్టే తీగ ఉంది. మొన్న రాత్రి చలి పెరిగిందని నేనే మార్చాను. యాభై ఏళ్ళుగా చలి పెరగగానే ఈ చెయ్యి చేసే పని అదే. ఆలోచన లేకుండా చేసేసింది.

పలక తీగ పెట్టి మూడు గంటలాగి మీట నొక్కితే లేచింది. లారీ తీగ కత్తిరించి పొయ్యిలో వేశాను. రూడీకి చెప్పలేదు. నడిచింది కదా.

డిసెంబరు 3

కంపెనీ ఆవిడ వచ్చింది. కింద 9. కరెంటు కట్టేసింది. పదో అంకె లెక్కపెట్టేలోగా జనరేటరు లేచింది. పన్నెండు నిమిషాలు గడియారం చూసుకుంటూ నిలబడింది. నేను నిలబడలేక ఆవిరి స్నానం చేసే సౌనా గది వెనక్కి పోయాను. తిరిగొచ్చేసరికి కాగితం మీద సంతకం పెడుతోంది. ఆవిడని కావలించుకున్నాను. టోపీ పడిపోయింది. ట్యాంకు వైపు ఎవరూ వెళ్ళలేదు.

డిసెంబరు 12

వచ్చింది. వచ్చింది. వచ్చింది.

డిసెంబరు 13

అంబులెన్సు దిగుతూనే ఐలా అన్న మొదటి మాట, ఇంత గడ్డి ఏంటి నాన్నా, ఆవుని కొన్నావా అని. మిషను ఊపిరి పోసినప్పుడల్లా దానికి నాలుగు మాటలు వస్తాయి. తర్వాతి ఊపిరి దాకా ఆగాలి. ఆ ఆగడంలో అది కళ్ళతో నవ్వుతుంది. వదిన ఏలకుల రొట్టె కాఫీలో నానబెట్టి చెంచాతో పెట్టింది. మూడు చెంచాలు తింది. మూడు.

నా అంత అదృష్టవంతుడు ఈ సరస్సు చుట్టూ లేడు.

డిసెంబరు 21. కింద 12. నడిచింది.

డిసెంబరు 28. కింద 17. నడిచింది. ఐలా రెండు చెంచాలు.

జనవరి 4. కింద 20. నడిచింది.

జనవరి 11. కింద 22. నడిచింది. క్రిస్మస్ పండక్కి అలిసిపోయింది, అందుకే తినడం లేదు. పండగైపోయి పదిహేను రోజులే కదా అయింది.

జనవరి 18, ఆదివారం

చేతులకి గుడ్డ చుట్టి ఉంది. అయినా రాస్తాను.

నిన్న శనివారం. కింద 28, పైగా గాలి. సౌనా పొయ్యి పొద్దున్నే వెలిగించి, నీళ్ళ డ్రమ్ము నింపాను. పదింటికి సరస్సు అవతల ఏదో విరిగిన చప్పుడయింది, కరెంటు పోయింది. పదో అంకె లోపే జనరేటరు లేచింది. నేను ఐలా గదిలో చప్పట్లు కొట్టాను. చూశావా, మీ నాన్న చేతిపని అన్నాను. అది కనుబొమ్మలెత్తింది.

పన్నెండు నిమిషాలు దాటాయి. గంట దాటింది. పదకొండుంపావుకి దాని గొంతు మారింది. దగ్గింది. ఆగింది.

మిషను బ్యాటరీ మీద పడి ఒకసారి కూసింది. అంటే మూడుంపావు దాకా.

బయటికి పరిగెత్తాను. మీట నొక్కితే తిరుగుతోంది, అంటుకోవడం లేదు. నూనె ఉంది. బ్యాటరీ వెచ్చగా ఉంది. ట్యాంకు ముల్లు సగం చూపిస్తోంది, అంటే గ్యాసు ఉంది, రావడం లేదు. చలికి బిగుసుకుంది అనుకున్నాను. వదిన అంబులెన్సుకి ఫోను చేసింది. దారిలో మూడు చోట్ల చెట్లు పడ్డాయి, నాలుగు గంటలు పడుతుందన్నారట.

అప్పుడు నాకు దుంగల రోజులు గుర్తొచ్చాయి. బిగుసుకున్న లారీ అడుగున పళ్ళెం నిండా నిప్పులు పెట్టేవాళ్ళం, అరగంటలో లేచేది. ఇంట్లో పొయ్యిలోంచి నిప్పులు పళ్ళెంలోకి లాగి తలుపు దగ్గరికొచ్చాను. వదిన తలుపుకి అడ్డం నిలబడింది.

"అవి ఎక్కడికి?"

"ట్యాంకు కిందికి. జరుగు వదినా."

"గ్యాసు ట్యాంకు కింద నిప్పులు పెడతావా? లోపల పిల్లని పెట్టుకుని?"

"టైము లేదు, జరుగు."

"నన్ను తొక్కుకుని పో. డెబ్భై తొమ్మిదేళ్ళున్నాయి నాకు, పెద్ద నష్టమేం లేదు."

నేను చెయ్యి ఎత్తాను. రాయక తప్పదు, ఎత్తాను. ఆవిడ కళ్ళు ఆర్పలేదు. పళ్ళెం మంచులో విసిరేసి ఫోను దగ్గరికి పోయాను.

రూడీ అరవై మైళ్ళ అవతల ఉన్నాడు. అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"బాబాయ్, ట్యాంకు మీద ఏముంది?"

చెప్పాను. బొంతలు, టార్పాలిన్, మోపులు.

తిట్టలేదు వాడు. తిట్టినా బాగుండేది. ట్యాంకులో గ్యాసు నీళ్ళలా ఉంటుందట. అది ఆవిరైతేనే జనరేటరుకి అందుతుంది. ఆవిరి కావడానికి చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాక్కుంటుంది. మనల్ని చంపే ఈ చలిగాలే దానికి పొయ్యి. "ఆ పొయ్యికి అడ్డం పెట్టావు బాబాయ్. పన్నెండు నిమిషాలకైతే సరిపోయింది. గంట లాగేసరికి లోపల ఇంకా చల్లబడి ఆవిరి ఆగిపోయింది. అన్నీ పీకెయ్. వేడినీళ్ళున్నాయా? మరిగేవి కాదు, చెయ్యి పట్టేంత. ట్యాంకు ఒంటి మీద పోయ్, మూత దగ్గర వద్దు. ఇంట్లో మిషను తప్ప అన్నీ కట్టేయమను."

మోపులు నేలకి అతుక్కుపోయాయి. గునపంతో పెకలించాను. బొంతలు రాలేదు. ఎల్మా కుట్లు ఒక్కొక్కటీ చించాను. సౌనా నుంచి ట్యాంకుకి నలభై అడుగులు. వదిన నింపి సగం దాకా తెచ్చేది, నేను అందుకునేవాణ్ణి. పోసిన నీళ్ళు నేల చేరేలోపే గాజులా గడ్డకట్టేవి. రెండుసార్లు పడ్డాను. బకెట్లు లెక్క పెట్టలేదు. ప్రార్థన మాత్రం లెక్క తప్పకుండా చేశాను, అది కూడా చివరికి ఐలా, ఐలా అనడమే అయింది.

ఒంటిగంటన్నరకి నొక్కితే దగ్గింది. మళ్ళీ నీళ్ళు. రెండూ ఐదుకి లేచింది.

లోపలికి పోలేదు. ఆగితే? అక్కడే నిలబడి నీళ్ళు పోస్తూనే ఉన్నాను. నాలుగున్నరకి రూడీ దారిలో చెట్లు కోసుకుంటూ వచ్చి నా చేతిలోంచి బకెట్టు లాక్కున్నాడు. చేతి తొడుగు దానికే అతుక్కుని పోయింది.

జనవరి 19

నిన్న రాసింది చదువుకున్నాను. ఒకటి రాయలేదు.

సాయంత్రం ఐలా దగ్గరికి వెళ్ళి, ఇంక భయం లేదు తల్లీ, గెలిచాం అన్నాను. పళ్ళు కొట్టుకుంటున్నా నవ్వుతూనే అన్నాను. అది నవ్వలేదు.

"ఐదు గంటలు, నాన్నా. ఒక్కసారి కూడా నా గదిలోకి రాలేదు."

జనరేటరు ఆగిందని, ట్యాంకు అని, ఏదో చెప్పబోయాను.

"బ్యాటరీ అయిపోయుంటే నువ్వు బయట బకెట్టు పట్టుకుని ఉండేవాడివి. నేనిక్కడ ఒక్కదాన్నే పోయేదాన్ని."

ఊపిరి ఊపిరికీ ఆగుతూ మిగిలింది కూడా ఐలాయే చెప్పింది. డాక్టరమ్మ నాతో చెప్పిన రోజే దానితోనూ చెప్పిందట. మంచు కరిగేదాకా ఉంటే గొప్ప, ఎండాకాలం చూడనని. ముందే తెలిసే ఇంటికి వస్తానందట. నాకూ తెలుసని దానికి తెలుసట.

"నువ్వు ఎంతసేపూ ట్యాంకు దగ్గర, ప్లగ్గు దగ్గర ఉంటావు. నేను వచ్చింది మీ దగ్గరుందామని."

మంచం పక్కన కూర్చున్నాను. పొద్దుపోయేదాకా ఏడ్చాను. అది నన్ను ఆపలేదు. మధ్యలో ఒకసారి, ముక్కు తుడుచుకో నాన్నా, నేను తుడవలేను అంది.

జనవరి 20

జరిగింది కంపెనీకి చెప్పాలి అన్నాడు రూడీ. ఆదివారం పేజీ చించేద్దామనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? ఐలాని అడిగాను. చెప్పు, నేను దాక్కోవడానికి రాలేదు అంది.

నేనే ఫోను చేసి చెప్పాను. మోపులతో సహా. గంట తర్వాత కంపెనీ ఆవిడ తిరిగి చేసింది. డులూత్‌లో మంచం ఖాళీగా ఉందట. అది వద్దంటే, ఈసారి పన్నెండు నిమిషాలు కాదు, ఇదే చలిలో ఆరు గంటలు ఆగకుండా నడవాలట. నడవకపోతే అదే సాయంత్రం అంబులెన్సు.

రాత్రంతా ఐలా గది గోడ చూస్తూ కూర్చున్నాను. పసుపు రంగు.

జనవరి 22

గ్యాసు లారీ వచ్చి ట్యాంకు నింపింది. నిండుగా ఉంటే ఆవిరి బాగా పుడుతుందట, సగానికి దిగనివ్వొద్దన్నాడు రూడీ. ట్యాంకు మీద ఏమీ లేదు. చూస్తే నాకే చలేస్తోంది. కోటు తీసి కప్పాలనిపిస్తోంది. కప్పను.

జనవరి 27

కింద 26. తొమ్మిదింటికి కంపెనీ ఆవిడ కరెంటు కట్టేసింది. లేచింది.

నేను బయటికి వెళ్ళలేదు. ఆరు గంటలూ ఐలా గదిలోనే కూర్చున్నాను. గంట దాటినప్పుడు నా వేళ్ళు దాని చేతిని నలిపేస్తున్నాయని వదిన చెప్పింది. ఐలాకి తెలుస్తుందో లేదో, వద్దని మాత్రం అనలేదు. బయట గాలికి జనరేటరు గొంతు రెండుసార్లు తగ్గినట్టు వినబడింది. రెండుసార్లూ సగం లేచాను.

"కూర్చో" అంది.

కూర్చున్నాను. దాని చిన్నప్పటి కబుర్లు అడిగింది. నా లారీ తలుపుకి నాలుక అంటించి అతుక్కుపోయిన రోజు చెప్పాను. అంటించమని ఉసిగొల్పింది రూడీయేనట, నలభై ఏళ్ళ తర్వాత ఇవాళ చెప్పింది. వదిన వంటింట్లోంచి వాడికి కాఫీ పోయనంది. మూడింటికి కంపెనీ ఆవిడ తలుపు దగ్గరికొచ్చి తల ఊపింది. అప్పుడు కూడా నేను లేవలేదు. అందుకు ఐలా నవ్వింది.

ఫిబ్రవరి 1. కింద 19. నడిచింది.

ఫిబ్రవరి 15. కింద 7. నడిచింది. ఒక చెంచా.

మార్చి 1. పైన 8. నడిచింది. రొట్టె వాసన చూస్తే చాలంది.

మార్చి 12

ఐలా ఒక లెక్క చెప్పింది. ఆ శనివారం మిషను బ్యాటరీ మీద మూడు గంటలు నడిచింది కదా. అప్పటికి ఇంకో గంట ఉంది కదా. మరి నన్ను ఈ గోడకి ఎందుకు కట్టేశారు అని. గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్ళి చేపలు పడతానంటోంది.

కుదరదన్నాను. వదిన కుదరదంది. ఐలాని చూడ్డానికి వచ్చే నర్సుని అడిగితే, ఎండ ఉన్న రోజు, గాలి లేకుండా, రెండు గంటలకి మించకుండా అంది. వదిన నర్సుతో మాట్లాడటం మానేసింది.

మార్చి 14, శనివారం

సున్నాకి పైన 34, మంచు కరిగే 32 దాటింది. ఎండ.

గోడలోంచి మిషను ప్లగ్గు నేనే పీకాను. అది కూసి బ్యాటరీ మీదికి మారింది. ఐలా నా మొహం చూసి, బతికే ఉన్నాను, పద అంది.

రూడీ మంచు మీద నడిచే తన బండికి బల్ల కట్టి, దాని మీద ఐలాని కుర్చీతో సహా బిగించాడు. పక్కన మిషను, వేడినీళ్ళ సీసాల మధ్య బ్యాటరీ. బొంతల్లో ఒక్కటే మిగిలింది, అది ఐలా ఒళ్ళో. ఒడ్డు నుంచి మూడొందల గజాలు వెళ్ళి మంచుకి చిల్లు వేశాను. గాలం కర్ర దాని వేళ్ళ మధ్య పెట్టి, నా వేళ్ళతో పట్టుకున్నాను. ఇద్దరం ఒక్క చెయ్యిలా కూర్చున్నాం. అది ముఖం ఎండకి పెట్టి కళ్ళు మూసుకుంది. గంటలో ఒక్క చేప కూడా ముట్టలేదు. నీ పాట వినే పారిపోయాయి అంది. నేను పాడుతున్నానని నాకే తెలియదు.

గంటన్నర అయ్యేసరికి ఒడ్డు మీద వదిన కనబడింది. వచ్చేయమని ఎర్ర తువ్వాలు ఊపుతోంది.

"చూడనట్టు ఉండు నాన్నా" అంది ఐలా.

దాని కుర్చీని సరస్సు వైపుకి తిప్పాను. నేను కూర్చోవడానికి బోర్లించిన బకెట్టు కూడా అటే జరుపుకుని, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాను.